ఎత్తేసిన గోడ

గోడ పడిన చప్పుడు వేలమ్మాళ్‌కు వినిపించనే లేదు. రాత్రంతా గాలి కొండ మీంచి దిగి రేకుల మీద పడి అరిచింది. ఆ అరుపులో ఏది రేకు, ఏది చెట్టు, ఏది మనిషి గొంతు అని ఎవరు చెప్పగలరు? తల్లీ కూతురూ మంచం కిందికి దూరి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని కూర్చున్నారు. ఎప్పుడో కన్ను మూతపడింది. తెల్లవారుజామున లేచి చూస్తే, మసకచీకట్లో ఉన్నచోటి నుంచే వెనక మామిడితోట కనిపించింది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఉంటోంది. లోపల కూర్చుని మామిడితోటను చూడటం అదే మొదలు.

"అమ్మా, గోడ," అంది తమిళ్‌సెల్వి.

"చూసినా. నువ్వు కాలు కింద పెట్టేప్పుడు చూసుకో. రేకు ముక్కలుంటాయి."

వెనక గోడ మొత్తం నానిన మట్టికుప్పయి పొయ్యి మీద కూలింది. నీలం కలిపి కొట్టిన సున్నం ఒకవైపు, పొయ్యి మసి ఇంకోవైపు. పక్క గోడ నిలబడే ఉంది కానీ, పైభాగం బయటికి వంగింది. వేలమ్మాళ్ దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా, మెత్తగా ఉంది. చెయ్యి తీసేసింది.

అంతలో ఫోను మోగింది. మేస్త్రి బాలగోపాల.

"ఐదున్నరకు మస్టర్‌లో హాజరు పడాల, వేలమ్మా. మీ వీధోళ్లందరికీ చెప్పేయ్. పుయల్ గాలివాన అయినా ఏదయినా ఎవరికీ లీవు లేదంట. రానోళ్ల పేరు కొట్టేస్తానని కాంట్రాక్టర్ చెప్పినాడు."

"మా గోడ పడిపోయినాది, మేస్త్రీ."

"ఊర్లో యాబై చెట్లు పడినాయి," అన్నాడు బాలగోపాల. "రా."

చీర మీద ఖాకీచొక్కా తొడుక్కొని ఆమె వెళ్లింది. ఆ వీధిలో ఇంటికొకరు ఊరు ఊడ్చే పనివాళ్లే. మిగిలినవాళ్లు మిల్లుకు పోతారు, లేకపోతే సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ మడిచే పనికి పోతారు. తెల్లారేసరికి పదకొండు మంది ఆడవాళ్లు పార, తట్ట పట్టుకొని మెయిన్ రోడ్డులో ఉన్నారు. మగవాళ్లు రంపాలతో పెద్ద కొమ్మలు కోస్తుంటే, ఆడవాళ్లు ఆకూ అలమూ లాగి కుప్ప పోశారు. కొండ నీళ్లు తెచ్చిపోసిన ఒండ్రు బజారు వీధిలో మోకాలి దాకా ఉంది. పారతో దాన్ని కొంచెం కొంచెంగా కోయాలి. ఒక్కసారి ఎక్కువ ఎత్తితే నడుము పట్టేస్తుంది. వేలమ్మాళ్‌కు ఆ కొలత చేతిలోనే ఉంది. కాలువ మూతలు ఏ ఒండ్రు కింద ఉన్నాయో ఆమె కాలి బొటనవేలితో తడిమి చెప్పేది. మూత లేనిచోట వేపమండ గుచ్చేది.

నాలుగు గంటలకు వీధికి తిరిగి వచ్చారు. వీధి మొదట్లో అందరూ ఆగిపోయారు. పొద్దున చీకట్లో పోయినప్పుడు సరిగా చూడలేదు. ఇప్పుడు కనిపించింది. కూలిన గోడల మట్టి వీధిలోకి జారి, కాలువ పూడి, నల్లనీళ్లు గడపల దాకా నిలిచి ఉన్నాయి. ఎవరిదో కోడి చచ్చి తేలుతోంది.

పుష్పం పార కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకుంది. వేలమ్మాళ్ పక్కింటామె ఆమె. నోరు ఊరుకోదు.

"ఊరంతటికీ పెండ్లికూతురు సోకు చేసి వచ్చినాము. మన మొగం చూడండి అక్కా."

"బండి ఉండాది కదా," అంది వేలమ్మాళ్.

చెత్త ఎత్తే బ్యాటరీ బండిని రాత్రికి వాళ్ల వీధిలోనే నిలుపుతారు. వేలమ్మాళ్ మొదటి పార వేసింది. ఆమెను చూసి పుష్పం, పుష్పాన్ని చూసి మిగతావాళ్లు కొంగులు దోపారు. అలసిపోయిన చేతులే, కానీ ఆ చేతులకు వేరే ఏమీ తెలియదు. కాలువ తీశారు. నీళ్లు గడగడమని పోయాయి. పడిన గోడల మట్టిని తట్టలతో ఎత్తి బండిలో వేశారు. మేస్త్రి మనిషి ఒకడు దాన్ని మూడు నడకలు తోలుకుపోయి దించి వచ్చాడు. వేలమ్మాళ్ తన ఇంటి మట్టిని తానే ఎత్తింది. పొయ్యి కడిగింది. గోడ ఉన్నచోట టార్పాలిన్ ముడతలు లేకుండా లాగి కట్టి, నేల మీద పేడనీళ్లు చల్లింది. చివరింటి ముసలామె ఆరోక్కియమేరి గడపలో కూర్చుని చూస్తూ, "మన వీధి ఇంత అందంగా ఎప్పుడూ లేదమ్మే," అంది.

దీపాలు పెట్టే వేళకు వీధి అద్దంలా ఉంది.

*

మరునాడు మధ్యాహ్నం ఆమె పనిలోంచి వచ్చేసరికి తమిళ్‌సెల్వి గడపలో నిలబడి ఉంది. కరెంటు లేక మిల్లు ఆగింది కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంది. మొహం చూస్తేనే ఏదో అయిందని తెలిసింది.

"ఊరి వి.ఏ.ఓ. ఆఫీసరు వచ్చినాడమ్మా. ఇండ్లు పోయినోళ్ల లిస్టు రాసుకోను."

"రాసుకున్నాడా?"

"బండి మీంచి దిగనే లేదు. వీధి మొదట నిలబడి చూసి, 'ఈడ ఏమీ కాలేదే' అన్నాడు. నేను పరిగెత్తిపోయి మా గోడ పడినాది సార్ అని చెప్పినా. వచ్చి టార్పాలిన్ చూసినాడు. 'ఇది ఎప్పటి నుంచి ఇట్లుండాది?' అన్నాడు. పుయల్లోనే సార్ అన్నా. 'గోడ పడితే మట్టి ఉండాల కదా, మట్టి యాడ?' అన్నాడు."

"నువ్వేం చెప్పినావు?"

"అమ్మ ఎత్తేసింది అన్నా." పిల్ల గొంతు తగ్గింది. "నవ్వినాడమ్మా. 'పుయల్ పోయి ఒక పొద్దు కాలేదు, ఊర్లో ఎవరూ ఇంకా గడప దాటలేదు, మీ అమ్మ గోడనే ఎత్తేసిందా' అని. ఈ వీధిలో డామేజీ లేదని రాసుకొని పోయినాడు."

"ఈ వీధిలో అన్నాడా? మనింట్లో అన్నాడా?"

"వీధి మొత్తం."

వేలమ్మాళ్ చేతిలోని తట్ట కింద పెట్టింది. పదకొండు ఇళ్లు. కొన్నిటికి గోడ, కొన్నిటికి పైకప్పు. లిస్టులో పేరు ఎక్కితే గవర్మెంటు సిమెంటు ఇల్లు కట్టిస్తుందని నిన్నంతా రోడ్డు మీద చెప్పుకున్నారు. ఎక్కకపోతే ఈ టార్పాలినే గోడ. శనివారం ఇంకో పుయల్ వస్తుందని ఫోన్లలో అప్పుడే చెబుతున్నారు. ఆమె కళ్లు తమంతటవే పక్క గోడ వైపు పోయాయి. నిన్న బయటికి బెత్తెడు వంగి ఉంది. ఈరోజు జానెడు. ఆ గోడ పక్కనే పిల్ల పరుపు.

"పరుపు ఇటు లాగు," అంది.

సాయంత్రం ఆడవాళ్లంతా ఆమె గడప ముందు చేరారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వే కదమ్మే ముందు పార పట్టినావు," అంది ఆరోక్కియమేరి చివరికి, ఏదో గుర్తు చేస్తున్నట్టు. ఆమె ఇంటికి పైకప్పు సగం లేదు.

"ఆమె ఒక్కతే ఎత్తినాదా అవ్వా?" అంది పుష్పం. "నేను మూడు తట్టలు ఎక్కువే ఎత్తినా. బుద్ధి ఉండాల్సింది. మన కండ్లకు చెత్త కనపడితే చేతులు ఆగవు. కుక్కకు ఎముక కనపడినట్టు."

ఒకరిద్దరు నవ్వబోయి మానేశారు.

వేలమ్మాళ్ ఆ సాయంత్రమే వి.ఏ.ఓ. ఆఫీసుకు పోయింది. తలుపు దగ్గర జనం. లోపలికి పోనిచ్చే మనిషి ఆమె ఖాకీచొక్కా చూసి, "చెత్త పొద్దున్నే ఎత్తినారే," అన్నాడు. తాను వచ్చిన పని చెప్పింది. లిస్టు గురువారం సాయంత్రం తాలూకాఫీసుకు పోతుంది, రాసింది రాసిందే, మార్చాలంటే సారే మార్చాలి, సార్ లేడు అన్నాడు. ఆమె చీకటి పడేదాకా నిలబడింది. సార్ రాలేదు.

*

బుధవారం మస్టర్‌లో బాలగోపాల పనులు పంచాడు. వేలమ్మాళ్‌కూ పుష్పానికీ కొత్త కాలనీలో మూడో వీధి.

"మేస్త్రీ, మా వీధి మట్టి యాడ పోసినారు? చెత్త యార్డులోనా?" అని అడిగింది వేలమ్మాళ్. రాత్రంతా ఆలోచించింది ఆ మట్టి గురించే. యార్డులో ఉంటే ఎట్లాగైనా అడిగి తెచ్చి, ఉన్నచోటే పోసి చూపించాలని.

"యార్డుకు దోవ యాడ ఉండాది? చెట్టు పడి మూసుకున్నాది. గుంతలు కనపడినచోట పోసేయమన్నా. మట్టిని పట్టుకొని యేం చేస్తావు?"

ఆమె చీపురు అందుకుంది.

మూడో వీధి ఆమెకు అరచెయ్యిలా తెలుసు. తొమ్మిదేళ్లుగా ఊడుస్తోంది. ఏ ఇంటి చెత్తలో ఏముంటుందో చెప్పగలదు. వీధి మధ్యలో పుయల్ నీళ్లు రోడ్డును కోసేసిన పెద్ద గుంత ఒకటి ఉండాలి. సోమవారం ఇటుగా పోతూ తానే దాని పక్కన వేపమండ గుచ్చింది. ఇప్పుడు గుంత లేదు. పూడ్చి, తొక్కి, చదును చేసి ఉంది. వేలమ్మాళ్ చీపురు వేసింది. రెండు వేట్లకు పైదుమ్ము లేచిపోయి, కింద నీలంగా ఏదో మెరిసింది.

ఆమె వంగింది. గోటితో గీకింది. పెళ్ల పైకి వచ్చింది. ఒకవైపు నీలం, ఒకవైపు మసి.

"పుష్పం."

పుష్పం వచ్చి చూసింది. తల ఎత్తి పక్కనున్న గేటు వైపు చూసింది.

"అక్కా, పోదాం రా," అంది మెల్లగా. "ఇది ఎవరి ఇంటి ముందరో చూడు."

గేటు మీద పేరు చదవనక్కర లేదు. లోపల వి.ఏ.ఓ. హరికృష్ణన్ మోటారుబండి నిలబడి ఉంది. వేలమ్మాళ్ చీపురు గోడకు ఆనించింది. తమ చెత్త బండిలోంచి పార తీసింది. ఒక్క క్షణం పార పట్టుకొని నిలబడింది. తొమ్మిదేళ్లలో ఈ వీధిలో ఎవరూ ఆమెను తవ్వొద్దు అనలేదు, ఎత్తొద్దు అనలేదు. పార వేసింది.

మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, సులువుగా లేచింది. తట్ట నిండగానే పుష్పం చేతికిచ్చింది. పుష్పం చుట్టూ చూసి, గబగబా బండిలో పోసి వచ్చింది. నాలుగో తట్టకు గేటు తెరుచుకుంది. వి.ఏ.ఓ. తల్లి బొమ్మక్క ముగ్గు గిన్నెతో బయటికి వచ్చింది.

"ఏమే వేలమ్మా, మొన్ననే కదా పూడ్చినారు. మళ్లీ యెందుకు తవ్వుతావు?"

"ఇది మా ఇంటి గోడమ్మా."

"గోడా? రోడ్డులో గోడేందే?"

వేలమ్మాళ్ పెళ్ల తీసి ఆమె చేతిలో పెట్టింది. బొమ్మక్క తిప్పి చూసింది. మసి వైపు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కట్టెల పొయ్యా?"

"అవునమ్మా."

"నీలం బాగా పట్టినాదే. మా సేత్తూరు ఇంట్లో ఎంత కొట్టినా పట్టేది కాదు." ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఒరే హరీ, ఇట్ల రా. ఈమె గోడ మనింటి ముందర ఉండాదంట."

హరికృష్ణన్ తల దువ్వుకుంటూ బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. గుంత చూశాడు, పార చూశాడు.

"ఏంమా ఇది? పబ్లిక్ రోడ్డు తవ్వుతావా?"

"సార్, నిన్న మా పాపను అడిగినారంట, మట్టి యాడ అని. పాప చెప్పలేకపోయింది. మట్టి ఇదే సార్."

"మట్టి అంటే ఏ మట్టయినా మట్టే. ఇది నీ గోడ అని ఎవరు చెప్తారు?"

"నా ఇంటికి వచ్చి నిలబడి ఉండే గోడ చూడండి సార్. ఇదే నీలం."

"నేను రిపోర్టు రాసేసినా. టైపు కూడా అయిపోయినాది. గోడ పడినోళ్లు ఎవరైనా మట్టి ఎత్తి పారేస్తారా? ఊర్లో అందరూ ఉన్నది ఉన్నట్టు పెట్టుకొని కూర్చునుండారు, నేను వస్తానని. మీకు ఎవరు చెప్పినారు ఎత్తమని?"

ఎవరూ చెప్పలేదు. వేలమ్మాళ్ తల వంచుకుంది. ఇక్కడ ఏడిస్తే ఇంతే, పని అయిపోయినట్టే అనుకుంది.

"సరి సార్," అంది. "అట్లయితే నాది నేను ఎత్తుకుపోతా."

మళ్లీ పార వేసింది. మాటలో కోపం లేదు. బజారులో ఒండ్రు కోసినట్టే, చేతి కొలత ప్రకారం కోస్తూ పోయింది. గుంత ఈ చివరి నుంచి ఆ చివరికి తెరుచుకుంటోంది. స్కూలు వ్యాను వచ్చి హారను కొట్టి, వెనక్కి తిరిగిపోయింది. ఎదురింటివాళ్లు మేడ మీదికి ఎక్కారు. హరికృష్ణన్ ఫోను తీసి మేస్త్రిని పిలిచాడు. బాలగోపాల ఐదు నిమిషాల్లో వచ్చి, గుంతకు అవతలే బండి ఆపి, తల గోక్కున్నాడు.

"వేలమ్మా, ఆపు. పని పోతుంది నీకు."

"గుంత పూడ్చను వేరే మట్టి తెప్పించండి మేస్త్రీ. నేనే పూడ్చిపోతా. ఈ మట్టి మాత్రం నాది."

"ఆమె గోడ ఆమె ఎత్తుకుంటాది, నీకేం నొప్పి?" అంది బొమ్మక్క మేస్త్రితో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు బండి ఎట్ల బయటికి తీస్తావురా?"

అదే హరికృష్ణన్ కూడా చూస్తున్నాడు. గేటు ముందు మూడడుగుల వెడల్పున నీళ్లూరుతున్న గుంత. చేతి గడియారం చూసుకున్నాడు. బాలగోపాలను చూశాడు. మేడ మీది జనాన్ని చూశాడు.

"ఇంకా ఎన్ని ఇండ్లు మీవి?" అన్నాడు.

"పదకొండు సార్."

"రాను ఎంతసేపు పడుతుంది?"

వేలమ్మాళ్ కాలువ మీది పలక లాగి గుంతకు అడ్డంగా వేసింది. అది కదలకుండా కాలితో అదిమిపట్టింది. అతను బండిని నడిపిస్తూ పలక దాటాడు.

ఆ రోజు అతను బండి దిగాడు. పదకొండు ఇళ్లలోకీ వంగి చూశాడు. ఆరోక్కియమేరి ఇంట్లో ఆకాశం చూశాడు. వేలమ్మాళ్ ఇంట్లో వంగిన పక్క గోడ దగ్గర, తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"డామేజీ లేదని ఒకసారి రాసినా కదా. ఇప్పుడు నేనొక్కడినే మార్చేదానికి లేదు," అన్నాడు. మాట కొంచెం మెత్తబడింది. "ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాల. రేపు పొద్దున పంపిస్తా. ఏ టైముకో చెప్పలేను. ఇంటికొకరు ఉండాల. ఇంకొక మాట. ఏదీ ముట్టుకోవద్దు. ఆయన వచ్చేసరికి మళ్లీ అద్దం మాదిరి పెట్టినారంటే, నేనేం చేయలేను."

అతను పోయాక పుష్పం బ్యాటరీ బండి తోలుకొచ్చింది. మట్టిని వేలమ్మాళ్ ఇంటి వెనక దించారు.

"గోడ ఊరు తిరిగి ఇంటికి రావడం ఇప్పుడే చూస్తుండా," అంది ఆరోక్కియమేరి.

*

రాత్రి వాన పడింది. గురువారం తెల్లవారేసరికి వీధి మళ్లీ మొదటికి వచ్చింది. తోటలోంచి మామిడాకులు కొట్టుకొచ్చి కాలువకు అడ్డం పడ్డాయి. నల్లనీళ్లు మెల్లగా పొంగి రోడ్డెక్కాయి. ఒక కాకిగూడు, తెగిన చెప్పు, ఎవరి ఇంటిదో అన్నం మెతుకుల ఆకు. ఒక్క పార వేస్తే చాలు, నీళ్లు పోతాయి. ఎక్కడ వేయాలో కూడా వేలమ్మాళ్‌కు తెలుసు.

ఐదున్నర దాటింది. మస్టర్‌కు ఎవరూ పోలేదు. పోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఖాకీచొక్కాలు దండేల మీదే ఉన్నాయి. పదకొండు మందీ ఎవరి గడపలో వాళ్లు కూర్చున్నారు. చేతులు ఒడిలో పెట్టుకొని, ఏదో తప్పు చేసినట్టు.

ఆరున్నరకు బాలగోపాల వచ్చాడు. నీళ్లలో బండి నిలిపి, చివరి దాకా చూశాడు. ఈ ఆడవాళ్లు పొద్దుపూట కూర్చుని ఉండటం అతను ఎన్నడూ చూడలేదు.

"మార్కెట్టంతా కుళ్లి నాటం కొడతా ఉండాది," అన్నాడు. "కాంట్రాక్టర్ ఫోన్ మీద ఫోన్. పదకొండు పేర్లు కొట్టేస్తే ఏం చేస్తారు మీరు?"

"మమ్మల్ని కొట్టేస్తే మార్కెట్టు నువ్వు ఊడుస్తావా మేస్త్రీ?" అంది పుష్పం. ఆ మాటలో ఎప్పటి పదును లేదు.

"ఇంజనీరు వచ్చి పోనీ మేస్త్రీ," అంది వేలమ్మాళ్. "ఆయన ఇట్ల పోతే మేము అట్ల వస్తాము. సాయంత్రం దాకా చేస్తాము."

"ఆయన రాకపోతే?"

వేలమ్మాళ్ నిలిచిన నీళ్లకేసి చూసింది. తెల్లవారుజాము నుంచి ఆమె తనను తాను అడుగుతున్నది అదే. రాకపోతే ఇల్లూ పోయె, పనీ పోయె. ఆమెవి మాత్రమే కాదు, పదకొండు మందివీ.

బాలగోపాల తిరిగి పోలేదు. పోయి చేసేదేమీ లేదు. ఆరోక్కియమేరి ఇంటి అరుగు చివర రుమాలు పరుచుకొని కూర్చున్నాడు. ఫోను మోగినప్పుడల్లా తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిదయింది. తొమ్మిదయింది. నీళ్లు ఇంకో అంగుళం పెరిగాయి. కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది. పక్క గోడలోంచి మట్టి రాలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. రెండుసార్లూ వేలమ్మాళ్ లోపలికి పోయి చూసి వచ్చింది. తమిళ్‌సెల్వి తల్లి పక్కనే కూర్చుని, కాలి ముందు తేలివచ్చిన ఆకును వంగి తీయబోయింది.

"ఉండనీ," అంది తల్లి.

పదిన్నరకు వీధి మొదట జీపు ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకడు ఫైలు చంకలో పెట్టుకొని దిగాడు. మొదటి అడుగే చీలమండ దాకా బురదలో పడింది. కాలు పైకి లాగాడు. చెప్పు రాలేదు. వంగి, రెండు వేళ్లతో దాన్ని పట్టి లాగాడు. పుష్పం చటుక్కున లేచింది. చెయ్యి తనంతట తానే గోడ మూల చీపురు వైపు పోయింది. వేలమ్మాళ్ పక్క గడపలోంచి చెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకుంది. పుష్పం కూర్చుంది.

ఇంజనీరు చెప్పు చేత్తో పట్టుకొని, పడిన గోడలనూ నిలిచిన నీళ్లనూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. మొహం చిట్లించి తమిళంలో అడిగాడు, ఈ వీధి ఊడ్చేవాళ్లు ఎవరూ లేరా అని.

అరుగు మీద బాలగోపాల తల వంచుకొని రుమాలు మడవసాగాడు. వేలమ్మాళ్ లేచి, కుచ్చెళ్లు కొంచెం పైకి పట్టుకొని, బురదలోకి దిగింది.

"లేరు సార్," అంది. "ఎవరూ లేరు. రండి, ఇంట్లోకి వచ్చి చూడండి."